రాయడం వేరు, అచ్చేయడం వేరు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పేపర్లో ఒక పెద్దాయన ఉత్తరం చదివాను. ఈమధ్య ప్రతివాళ్లూ తమ కష్టాలన్నీ ఆత్మకథ పేరుతో రాసేసుకుంటున్నారని, కన్నవాళ్లనీ కట్టుకున్నవాళ్లనీ బజారుకీడుస్తున్నారని, ఇంటి గుట్టు లంకకు చేటని ఆయన బాధపడ్డారు. ఆ బాధలో నిజం లేదని నేననను. కానీ అది చదివిన రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, ఎందుకంటే నాలుగేళ్లుగా నేను రాస్తున్నది అదే. మా నాయన తాగుడు గురించి, ఆ తాగుడు నీడన మేం పెరిగిన పదిహేడేళ్ల గురించి.

లంక సంగతి ముందు చెప్పేస్తాను. విభీషణుడు గుట్టు చెప్పబట్టే లంక చెడిందంటారు గానీ రావణుడు చేసిన పని ఆ సామెతలో ఎక్కడా కనపడదు. మా ఇంట్లోనూ అదే జరిగింది. నాయన తాగొచ్చి అమ్మని కొడితే పరువు పోలేదు, అమ్మ ఏడుపు పక్కింటికి వినబడితే పోయింది. అందుకే అమ్మ నోట్లో చీర కొంగు కుక్కుకుని ఏడవడం నేర్చుకుంది. ఇది నేను ఎవరి దగ్గరో విన్నది కాదు, పక్కనే పడుకుని కళ్లు మూసుకుని చూసింది.

మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి వైపు మెట్ట ఊరు. నేను ఎదిగే వయసంతా ప్యాకెట్ సారా కాలం. వారుణి వాహిని అని పేరు పెట్టి ప్రభుత్వమే పాలిథిన్ ప్యాకెట్లలో సారా ఊరూరికీ చేర్చిన రోజులవి. మంచినీళ్లకి మైలు దూరం నడవాలి, సారా మాత్రం వీధి చివర దొరికేది. కూలి డబ్బులు ఇంటిదాకా వచ్చేవి కావు. తాగి పారేసిన ప్యాకెట్లు గాలికి ఎగిరి మా కంచెకి ఉన్న ముళ్లకి పట్టుకుని ఉండేవి, పొద్దున్నే వాటిని ఏరి పొయ్యిలో వెయ్యడం నా పని. ఆ కమురు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు కడుపులో తిప్పుతుంది.

రాత్రిపూట నాయన వచ్చే చప్పుడు మేం చెప్పుల్ని బట్టి పోల్చుకునేవాళ్లం. చెప్పులు ఈడ్చుకుంటూ వస్తే పర్వాలేదు, బాగా ఎక్కువైంది, వచ్చి అరుగు మీదే పడిపోతాడు. ఠపఠపా వస్తే కూడా ఫర్వాలేదు, డబ్బుల్లేక తాగలేదు, కోపంగా ఉంటాడు గానీ చెయ్యెత్తడు. చప్పుడు వేపచెట్టు దగ్గర ఆగిపోతే మాత్రం భయం. అక్కడ నిలబడి ఎవరినో తిట్టడం మొదలుపెట్టాడంటే ఆ తిట్లు ఇంట్లోకి రాకుండా ఆగవు. అమ్మ అప్పుడు లాంతరు వత్తి తగ్గించి నన్నూ తమ్ముణ్నీ లేపి దొడ్డిగోడ దాటించి పెద్దమ్మ వాళ్లింటికి పంపేది. తను మాత్రం వచ్చేది కాదు, ఇంట్లో ఎవరూ లేకపోతే ఆయన ఇంకా రెచ్చిపోతాడని. నేను ఉద్యోగం చేసి, పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసిన మనిషిని, ఇప్పటికీ చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని పడుకుంటాను.

ఇదే మనిషి ఎండాకాలం పొద్దున్నే తాటిముంజలు కొట్టుకొచ్చేవాడు. లేత ముంజని బొటనవేలితో చిట్లకుండా తీసి, లోపలి నీళ్లు కారిపోకుండా అరచేతిలో పట్టుకొచ్చి నా నోట్లో పెట్టేవాడు. రాయడం మొదలుపెట్టాక నాకు అన్నిటికంటే కష్టమైంది ఈ ముంజల సంగతే. దెబ్బల గురించి రాసిన రోజు చెయ్యి వణికింది గానీ రాయగలిగాను, ముంజల గురించి రాసిన రోజు మాత్రం బడికి సెలవు పెట్టాల్సి వచ్చింది.

1991 జనవరిలో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది, అక్షరదీపం అనేవాళ్లు. అప్పటికి నేను టీచరు ట్రైనింగు, అదే టీటీసీ, పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి రాత్రి బడికి వాలంటీరుగా వెళ్లాను. మా అమ్మ నా దగ్గరే అ ఆలు దిద్దింది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుబోతు మొగుడితో పడే ఆడమనిషి కథ. ఆ పాఠం చెప్పిన రాత్రి ఎవ్వరూ పైకి చదవలేదు, పలకలు ఒళ్లో పెట్టుకుని అట్లా కూర్చుండిపోయారు, కాసేపటికి వెనక నుంచి ఒకామె "ఇది మనింటి సంగతే గదమ్మా, పుస్తకంలోకి ఎట్లొచ్చింది?" అంది. తర్వాత మాకు దగ్గర్లోనే ఉన్న దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ సంగతే "ఆడవాళ్లు ఏకమైతే" అని ఇంకో పాఠమై మళ్లీ రాత్రి బళ్లకే వచ్చింది. 1992లో ఆ సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకి, పక్క జిల్లాలకీ పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ పెద్దాయనకి నేను చెప్పదలచుకున్నది ఇదే. అప్పుడు వాచకంలోకి ఎక్కింది కూడా ఇంటి గుట్టే. ఒక ఇంటి గుట్టు చదివాకే మిగతా ఇళ్ల ఆడవాళ్లకి ఇది మా ఒక్క ఇంట్లోనే లేదని తెలిసింది.

మా నాయన మాత్రం మానలేదు. సారా పోయాక బ్రాందీ పట్టాడు. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చినా దొంగ సరుకు దొరికేది, 1997లో అది ఎత్తేశాక వెతుక్కునే పని కూడా లేకపోయింది. 2003లో లివర్ చెడిపోయి పోయాడు.

పదిహేనేళ్ల కిందట అనుకుంటాను, ఇందులో కొంత ముక్క రాసి ఒక పత్రికకి పంపాను. పత్రిక పేరు అనవసరం. అచ్చయి వచ్చాక చూస్తే చివర మార్చేశారు. మా నాయన పోయేముందు తాగుడు మానేసి, నా చేతులు పట్టుకుని ఏడ్చి, క్షమించమని అడిగినట్టు రాశారు. నా ఫొటో పక్కన పెద్ద అక్షరాలతో కన్నీటిని జయించిన టీచరమ్మ అని పెట్టారు. బంధువులు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. అమ్మ కూడబలుక్కుంటూ మొత్తం చదివి, పేపరు మడిచి నా చేతికిచ్చి "ఈ మనిషెవురు మే?" అంది. మళ్లీ పదేళ్లు నేను కలం ముట్టలేదు.

తిరిగి మొదలుపెట్టింది 2021లో, కరోనాకి బళ్లు మూతపడి ఇంట్లో ఉన్నప్పుడు. ఈసారి అచ్చు కోసం కాదని ముందే అనుకున్నాను, అందుకే సాగింది. రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొనుక్కుని తెల్లవారుజామున అయిదు నుంచి ఆరు దాకా రాసేదాన్ని. మొదట్లో రాత్రిపూట రాయబోయి దెబ్బతిన్నాను, రాత్రి రాసింది నిద్రలోకి వచ్చేస్తుంది. పొద్దున్నయితే ఆరింటికి పాలవాడొస్తాడు, వంట చెయ్యాలి, ఆ పనులే మనిషిని చెయ్యిపట్టి బయటికి లాగుతాయి. సంఘటనలతో మొదలుపెడితే కూడా నాకు కుదరలేదు. "ఆ రోజు రాత్రి" అని రాయగానే గొంతు పట్టేసేది. వస్తువులతో మొదలుపెట్టాను. లాంతరు. దొడ్డిగోడ. నాయన చెప్పులు. కంచెకి పట్టుకున్న ప్యాకెట్లు. లాంతరు చిమ్నీకి ఒక పక్క పగులుండేది, దానికి అమ్మ కాగితం ముక్క అంటించి ఉండేది, అదొక్కటి రాస్తే చాలు, ఆ వెలుతురులో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో అంతా వెనకే వచ్చేసేది. ఇంకో మాట, మా నాయన మాట్లాడింది మెట్ట నెల్లూరు మాట. ముందు నేను దాన్ని బళ్లో చెప్పే తెలుగులో రాశాను, అప్పుడు ఆయన సినిమాలో తాగుబోతులాగా తయారయ్యాడు. ఆయన మాట ఆయనకి తిరిగి ఇచ్చాకే మనిషయ్యాడు.

రాస్తే మనసు తేలికవుతుందని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అట్లా వెంటనే అవదు. అమెరికాలో జేమ్స్ పెన్నిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో కాలేజీ పిల్లల చేత రోజుకి పదిహేను నిమిషాలు, వరసగా నాలుగు రోజులు, తమకి జరిగిన ఘోరమైన సంగతులు రాయించాడు. రాసిన వెంటనే వాళ్లకి దిగులు ఎక్కువైంది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. నాకూ అచ్చం అట్లాగే జరిగింది, మొదటి రెండు నెలలు ఊరికే కోపం వచ్చేది, భోజనం సయించేది కాదు. అందుకని మీ పాఠకుల్లో ఎవరైనా ఇట్లాంటిది రాస్తూ ఉంటే నాది ఒక్కటే మాట, చెయ్యి ఆగకుండా వణుకుతుంటే ఆ రోజుకి నోటుబుక్కు మూసేయండి, ఇంట్లో నమ్మకమైన మనిషి ఒకరికి ఇట్లా రాస్తున్నానని చెప్పి ఉంచండి. బతకాలని లేదు అనే దాకా వస్తే అసలు రాయొద్దు, ముందు 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అని ప్రభుత్వానిదే, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అమ్మ తాళిబొట్ల సంగతి. నా నోటుబుక్కులో ఇరవై పేజీలు దాని మీదే ఉన్నాయి. 1989లో, నేను టీటీసీలో చేరిన ఏడాది, ఒక రోజు పొద్దున చూస్తే అమ్మ మెళ్లో బొట్లు లేవు. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని నీళ్లు మోస్తూ ఉంది. తమ్ముడు అడిగితే "మీ నాయన తీసకపోయినాడు" అంది, అంతే, ఇంకేం మాట్లాడలేదు. అంతకు ముందు దెబ్బలన్నిటికీ నేను నాయన్ని ఎంతో కొంత క్షమించి ఉన్నానేమో గానీ ఆ పసుపుకొమ్ము చూశాక మాత్రం ఇంక క్షమించలేదు. 1994లో నా పెళ్లి కుదిరినప్పుడు, ఆయన తాగకుండా ఉన్న ఒక పూట చూసి, ముఖం మీదే అన్నాను. కట్టుకున్నదాని బొట్లు కూడా తాగేసినోడివి, పీటల మీద కూర్చుని నన్నెట్లా ధారపోస్తావని. ఆయన తల వంచుకున్నాడు. ఒక్క మాట అనలేదు. నా కన్యాదానం పెదనాయన చేశాడు. మా నాయన పందిట్లో వెనక స్తంభం దగ్గర, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, తాగకుండా, నిలబడి చూశాడు.

పోయిన ఏడాది ఆ ఇరవై పేజీలు అమ్మకి చదివి వినిపించాను. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వింటోంది. నేను చదవడం ఆపాక కూడా చాలాసేపు కాయలు తుంచుతూనే ఉండి, తలెత్తకుండా "ఆయన తీయలేదు మే" అంది. "నీ ఫీజుకీ హాస్టలుకీ నేనే కుదవ పెట్టినా. నీతో చెప్తే చదువొద్దని ఇంట్లో కూచుంటావు. చిన్నోడు అడిగితే నోటికొచ్చింది చెప్పినా. ఆయన తీసినాడంటే నమ్మనోళ్లెవురు?"

మరి నాయన ఎందుకు కాదనలేదని అడిగాను.

"మత్తులో తనే తీసుంటాడని ఆయనా నమ్మినాడు. నేనూ కాదన్లేదు."

ముప్పై అయిదేళ్లు నేను నమ్మిన సంగతి ఇది. నా కళ్లతో చూశాను కదా అనుకున్నాను. నేను చూసింది పసుపుకొమ్మునే, మిగతాదంతా విన్నది. అమ్మ ఈ మాట చెప్పకముందే ఎవరైనా ప్రచురణకర్త వచ్చి అడిగి ఉంటే ఆ ఇరవై పేజీలు అట్లాగే ఇచ్చేసి ఉండేదాన్ని, చదివినవాళ్లంతా ఆ మనిషిని చెయ్యని పనికి తిట్టుకుని ఉండేవాళ్లు. నెల రోజులు నోటుబుక్కు తెరవలేదు. తర్వాత తెరిచి, ఆ పేజీలు చింపలేదు, కింద తేదీ వేసి అమ్మ చెప్పింది అమ్మ మాటల్లోనే రాశాను. నా కోపం నిజమే కదా, అది అట్లాగే ఉండాలి. దాని పక్కనే ఇదీ ఉండాలి.

అందుకే నేననేది, రాయడం వేరు, అచ్చేయడం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే ఇంత గొడవ. అచ్చేస్తారన్న భయంతో ఇంట్లోవాళ్లు రాయనే రాయనివ్వరు, రాసినవాళ్లేమో రాశాం కదా అని తడి ఆరకముందే అచ్చుకి పంపేస్తారు. రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాకు జరిగింది నాది. అచ్చు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందులో అమ్మ ఉంది, తమ్ముడు ఉన్నాడు, బదులు చెప్పుకోవడానికి లేని నాయన ఉన్నాడు. మా తమ్ముడు ఈ రాత సంగతి తెలిసి ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. "పోయినోణ్ని మళ్లీ చంపతావా అక్కా" అన్నాడు. వాడికి కోపమని నేను రాయడం మానలేదు, కానీ వాడు ఉన్న పేజీలన్నీ వాడి చేతికే ఇచ్చాను, నీకు వద్దనిపించినవి గీత పెట్టమని. మూడు చోట్ల పెట్టాడు. ఒక చోట పక్కన "ఆ రోజు నేను పారిపోలేదు, పెద్దమ్మని పిలవను పోయినా" అని రాశాడు. అదీ నాకు తెలియదు.

చట్టం సంగతి కూడా ఆలోచించుకోవాలి. నిజమే రాశాను కదా నాకేం భయం అనుకుంటారు చాలామంది. తెలిసిన లాయరుగారిని అడిగితే చెప్పారు, పరువు నష్టం మీద ఇప్పుడు ఉన్నది భారతీయ న్యాయ సంహిత 356 సెక్షను, క్రిమినల్ కేసులో రాసింది నిజం కావడం ఒక్కటే చాలదు, అది జనం మేలు కోసమని కూడా చూపించాలి. చనిపోయినవాళ్ల గురించి అయినా, ఇంట్లోవాళ్ల మనసు నొప్పించాలనే రాస్తే అదీ నేరమే. పేర్లు మార్చినా ఊరూ ఉద్యోగమూ అట్లాగే ఉంచితే గుర్తుపట్టేస్తారు. ఇవన్నీ అచ్చుకి ముందు చూసుకోవాల్సినవి. మొదటి రాతలో మాత్రం ఇవేవీ తలలో పెట్టుకోకూడదు, పెట్టుకుంటే కలం కదలదు.

ఎప్పుడో జరిగినవి ఇన్నేళ్లకి ఎందుకు తవ్వడం అని కూడా ఆ పెద్దాయన రాశారు. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మగారు తన ఆత్మకథ నిర్జన వారధి అచ్చేసింది 2012లో, తొంభై దాటాక. భర్త తనని వదిలిపోవడం, కొడుకునీ కూతుర్నీ పోగొట్టుకోవడం, హాస్టల్లో ఉద్యోగం చేసుకుని ఒంటరిగా బతకడం, అన్నీ రాశారు. ఎవరినీ శాపనార్థాలు పెట్టలేదు. ఆ పుస్తకం నేను మూడుసార్లు చదివాను. ఆలస్యం అయింది కాబట్టి అవసరం లేదని ఎట్లా అనగలం? కొన్ని సంగతులకి అంత కాలం పడుతుంది.

ఇక మీకు నా మనవి. మీ ఆదివారం పేజీల్లో పాఠకుల జీవితాలు వేస్తున్నారు, మంచి పని. కానీ ప్రతిదానికీ చివర గెలుపు ఉండాలని చూడకండి. మా నాయన మారలేదు. మా అమ్మ ఎవరి మీదా గెలవలేదు, బతికింది, చదువు నేర్చుకుంది, ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని మీ పేపరు చదువుతోంది. అట్లాగే వేయండి. చివర మార్చాలనిపిస్తే రాసినవాళ్లకి ఫోన్ చేసి అడగండి. ఫొటో ఇవ్వనంటే బలవంతం చేయకండి. అందులో ఉన్న మిగతావాళ్లకి ఈ సంగతి తెలుసా అని ఒక్క ప్రశ్న వేయండి, తెలియదంటే ఒక నెల ఆగండి. ఈ ఒక్క నెల ఆగడం వల్ల పేపరుకి పోయేదేమీ లేదు, ఒక ఇంట్లో మాత్రం అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోవడం మానేయకుండా ఉంటారు.

తాళిబొట్ల సంగతి ఈ ఉత్తరంలో రాయనా అని అమ్మని అడిగాను. "అది రాయి, ఆయన మీద ఆ నింద పోనీ" అంది. ఇంకో రాత్రి సంగతి ఒకటుంది, దాన్ని తాను పోయాక కూడా అచ్చు వేయొద్దంది. అది కూడా రాశాను. విడిగా కవర్లో పెట్టి బీరువాలో దాచాను, అది ఎవరికీ ఇవ్వను.

ఈ ఉత్తరం వేసేటట్టయితే నా పేరూ ఊరి పేరూ వేయకండి, తమ్ముడి కూతురికి సంబంధాలు చూస్తున్నారు. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే ముందు పేరాలు ఏవైనా కత్తిరించండి, బొట్ల సంగతి మాత్రం ముక్క పోకుండా ఉంచండి. అచ్చులో చదువుకుంటానని అమ్మ అడిగింది.

ఇట్లు,
ఒక స్కూలు టీచరు,
నెల్లూరు జిల్లా